కోయంబత్తూరు-2 నుంచి మొదలుపెడదాం: స్కేల్ మోడల్ విమానం కట్టడానికీ, దాని చరిత్ర వెతకడానికీ సమగ్ర మార్గదర్శి

1941లో ఇంగ్లండ్ మీదికి రాత్రిపూట వచ్చే జర్మన్ బాంబర్లను వేటాడిన ఒక నల్లటి ఫైటర్ విమానం మీద ‘కోయంబత్తూరు-2’ అని రాసి ఉండేది. అది బౌల్టన్ పాల్ కంపెనీ తయారుచేసిన డిఫయంట్. సీరియల్ నంబర్ ఎన్1801, పక్కన పెద్ద అక్షరాలు పీఎస్-బి. రాయల్ ఎయిర్ ఫోర్స్ 264వ స్క్వాడ్రన్‌కు చెందిన విమానం. ఆ స్క్వాడ్రన్ పూర్తి పేరులో ‘మద్రాస్ ప్రెసిడెన్సీ’ అనే మాట ఉంది. ఇక్కడి నుంచి వెళ్లిన యుద్ధ విరాళాలకు గుర్తింపుగా వచ్చిన పేరది. కర్నూలు, అనంతపురం, కడప మూడూ అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీ జిల్లాలే. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా మన కలెక్టరేట్లు మద్రాసు కిందే నడిచాయి.

మోడల్ విమానాలు కట్టాలని ఉందని రాయలసీమ వాళ్లెవరైనా అడిగితే నేను ముందు ఈ డిఫయంట్‌నే చూపిస్తాను. ఈ హాబీలో సగం చేతి పని, సగం చరిత్ర పని. చరిత్ర పక్కన పెడితే పెట్టె మీద బొమ్మ చూసి రంగు వేసి బీరువాలో పెట్టడమే మిగులుతుంది. అదీ సంతోషమే కానీ త్వరగా విసుగొస్తుంది. మన ప్రాంతంతోనో, మన ఇంటి మనిషితోనో సంబంధం ఉన్న ఒక్క విమానాన్ని పట్టుకుంటే ప్రతి ముక్క దగ్గరా ఒక ప్రశ్న పుడుతుంది. ఆ రోజు దీని అడుగు భాగం ఏ రంగులో ఉంది? ఈ అక్షరాలు ఎరుపా, బూడిదా? లోపల కూర్చున్నదెవరు? ఆ ప్రశ్నలకు జవాబు వెతుకుతూ కట్టడమే అసలు పద్ధతి. కింది అడుగులన్నీ దాని కోసమే.

మొదటి అడుగు: రకాన్ని కాదు, ఒక్క విమానాన్ని ఎంచుకోండి

‘డిఫయంట్ కడతాను’, ‘మిగ్-21 కడతాను’ అనుకుంటే సరిపోదు. రకం, సీరియల్ నంబర్, తేదీ ఈ మూడూ కాగితం మీద రాసుకున్నాకే కిట్, అంటే అతికించి కట్టుకునే ప్లాస్టిక్ ముక్కల పెట్టె, కొనండి. తేదీ ఎందుకంటే, యుద్ధకాలంలో ఒకే విమానానికి కొన్ని నెలల్లోనే రంగులూ గుర్తులూ మారిపోయేవి.

264వ స్క్వాడ్రన్‌లోనే రెండు ఉదాహరణలు చూడండి. ఎన్1801 ఒళ్లంతా నలుపు, రాత్రి యుద్ధానికి. ఎన్1535, అక్షరాలు పీఎస్-ఎ, పగటి యుద్ధానికి వాడింది. పైన ముదురు ఆకుపచ్చ, మట్టిరంగు కలగలిసిన కామఫ్లాజ్. ఇది స్క్వాడ్రన్ కమాండర్ ఫిలిప్ హంటర్ విమానం. ఆయన 1940 ఆగస్టు 24న ఇంగ్లండ్‌లోని మాన్‌స్టన్ స్థావరం నుంచి లేచి ఒక జర్మన్ బాంబర్‌ను తరుముతూ వెళ్లి మళ్లీ రాలేదు. వెంట టరెట్‌లో, అంటే వెనకనున్న తిరిగే గన్నుల గూడులో, ఉన్న గన్నర్ కూడా రాలేదు. కిట్ ఒకటే, స్క్వాడ్రన్ ఒకటే, కథలు మాత్రం వేరు.

కొత్తవాళ్లు నల్లదానితో మొదలుపెట్టడం మంచిది. రెండు రంగుల హద్దులు గీసి టేపు వేసే పని తప్పుతుంది. అంచులు అతికించడం, గీతలు కనబడకుండా రుద్దడం మీద శ్రద్ధ పెట్టవచ్చు.

వేరే దారిలో వెళ్లాలనుకుంటే నిజాం రాజ్యం పేరున్న స్క్వాడ్రన్లు ఉన్నాయి. 152వ స్క్వాడ్రన్ పేరులో ‘హైదరాబాద్’ ఉంది, దాని చిహ్నంలో నిజాం తలపాగా ఉంది. 1940లో బ్రిటన్ గగనతలం మీద జర్మన్లతో జరిగిన ‘బ్రిటన్ యుద్ధం’లో స్పిట్‌ఫైర్లతో పోరాడి, తర్వాత బర్మా వైపు వచ్చింది. 253వ స్క్వాడ్రన్ ‘హైదరాబాద్ స్టేట్’, దానివి హరికేన్లు. స్పిట్‌ఫైర్, హరికేన్ కిట్లు ఎక్కడైనా దొరుకుతాయి కాబట్టి ఇదీ మంచి మొదలే. మొదటి ప్రపంచ యుద్ధంలో నిజాం ఇచ్చిన డబ్బుతో 110వ స్క్వాడ్రన్‌కు వచ్చిన డీహెచ్.9ఎ విమానాల్లో ఒకటి, ఎఫ్1010, లండన్‌లోని రాయల్ ఎయిర్ ఫోర్స్ మ్యూజియంలో ఉంది. దాని మీద ‘హైదరాబాద్ నంబర్ 12ఎ’ అని ఉంటుంది. కథ గొప్పది. అయితే అది రెండంతస్తుల రెక్కల విమానం, రెక్కల మధ్య సన్నటి తీగలు లాగాలి. నాలుగైదు మోడళ్లు చేయి తిరిగాక చూసుకోండి.

భారత వైమానిక దళం వైపు మనసు పోతే మూడు పేర్లు చెబుతాను. గ్నాట్: 1965, 1971 యుద్ధాల్లో పేరు తెచ్చుకున్న చిన్న ఫైటర్. 1971 డిసెంబరు 14న శ్రీనగర్ మీద నిర్మల్ జిత్ సింగ్ సెఖోన్ గ్నాట్‌లోనే పోరాడి ప్రాణాలిచ్చారు, పరమవీర చక్ర పొందారు. కొనేటప్పుడు ఒక జాగ్రత్త. బ్రిటిష్ విన్యాసాల బృందం రెడ్ యారోస్ రంగుల్లో దొరికే గ్నాట్ కిట్ ఇద్దరు కూర్చునే ట్రైనర్‌ది. మనవాళ్లు యుద్ధంలో నడిపింది ఒక్కరు కూర్చునే ఫైటర్. మూతి, కనోపీ (పైలట్ మీది గాజు మూత), రెక్క అన్నీ వేరు. ఒకదానికి ఇంకోదాని రంగు వేస్తే సరిపోదు. మారుత్: జర్మన్ డిజైనర్ కుర్ట్ టాంక్ నాయకత్వంలో బెంగళూరులో రూపుదిద్దుకుని 1961 జూన్ 17న తొలిసారి ఎగిరింది. మొత్తం 147 తయారయ్యాయి. కిట్లు తక్కువ, ఉన్నవి కట్టడం కష్టం. మిగ్-21: 1963లో వచ్చి 2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో వీడ్కోలు తీసుకుంది. కిట్లు బోలెడు. దాని దగ్గర పనిచేసినవాళ్లు మన వీధుల్లోనే ఉండొచ్చు, ఆ సంగతి చివర్లో చెబుతాను.

రెండో అడుగు: స్కేలు

1/72 అంటే అసలు విమానంలో 72 అంగుళాలు, అంటే ఆరడుగులు, మోడల్‌లో ఒక అంగుళం. డిఫయంట్ రెక్కల వెడల్పు 39 అడుగుల 4 అంగుళాలు, సుమారు 12 మీటర్లు. 1/72లో అది దాదాపు 167 మిల్లీమీటర్లు, అరచేతి మీద నిలుస్తుంది. 1/48లో 250 మిల్లీమీటర్లు. ఎయిర్‌ఫిక్స్ కంపెనీ ఈ విమానాన్ని రెండు స్కేళ్లలోనూ చేసింది. కళ్లజోడు వయసు వచ్చినవాళ్లు 1/48 తీసుకోండి, లోపలి సీట్లు, గన్నులు చేతికి దొరుకుతాయి. ఇరుకు ఇంట్లో ఉండి చాలా విమానాలు కట్టాలనుకుంటే 1/72. ఒకసారి ఎంచుకున్న స్కేలుకు కట్టుబడండి. అలమరాలో స్పిట్‌ఫైర్ పక్కన బాంబర్ పెట్టినప్పుడు అసలు తేడా అప్పుడే తెలుస్తుంది.

ఈ లెక్క చిన్న వాటికీ పనికొస్తుంది. బ్రిటిష్ విమానం సీరియల్ నంబర్ అక్షరాలు సాధారణంగా 8 అంగుళాల ఎత్తు. 1/72లో అవి 2.8 మిల్లీమీటర్లు రావాలి. డికాల్ షీటు, అంటే నీళ్లలో ముంచి మోడల్ మీద అతికించే గుర్తులు, అక్షరాలు ఉన్న కాగితం, దాని మీద స్కేలు పెట్టి కొలవండి. నాలుగు మిల్లీమీటర్లుంటే ఆ షీటు తప్పు.

మూడో అడుగు: పెట్టె తెరిచే ముందు ఫైలు కట్టండి

ఈ అడుగులోనే ఎక్కువసేపు ఆగుదాం, నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని ఇది. ఒక మామూలు ఫైలు కొనండి. మూడు విభాగాలు చేయండి: ఫొటోలు, రాతలు, జవాబు రాని ప్రశ్నలు. ప్రతి ఫొటో వెనక ఎక్కడ దొరికిందో, కింద ఏం రాసి ఉందో నోట్ చేయండి. ఫొటో కింది వివరణను వెంటనే నమ్మొద్దు. తేదీని ఫొటోయే చెబుతుంది, దాన్ని చదవడం నేర్చుకోవాలి.

బ్రిటిష్ ఫైటర్ అయితే ఇలా చదవండి. 1940 మే మొదట్లో వచ్చిన ఉత్తర్వుతో విమానం పక్కనున్న గుండ్రటి గుర్తు చుట్టూ పసుపు వలయం, తోక మీద ఎరుపు-తెలుపు-నీలం పట్టీలు చేరాయి. ఫొటోలో ఈ రెండూ లేవంటే అది అంతకు ముందుది అయ్యే అవకాశం ఎక్కువ. అడుగు భాగం అప్పటిదాకా సగం నలుపు, సగం తెలుపు ఉండేది, కింద నుంచి చూసే బ్రిటిష్ సైనికులు గుర్తుపట్టడానికి. జూన్ మొదటి వారం నుంచి దాని బదులు ‘స్కై’ అనే లేత ఆకుపచ్చ రంగు వచ్చింది. రెక్కల కింద గుర్తులు ఆ వేసవిలో కొంతకాలం తీసేసి ఆగస్టులో మళ్లీ పెట్టారు. కాబట్టి మే నెలాఖరులో ఫ్రాన్స్ తీరంలోని డన్‌కర్క్ మీద ఎగిరిన డిఫయంట్‌కూ, ఆగస్టు డిఫయంట్‌కూ అడుగున ఒకే రంగు వేస్తే రెండిట్లో ఒకటి తప్పే.

నలుపు-తెలుపు ఫొటోలో రంగు పట్టుకోవడం మరో విద్య. అప్పట్లో రెండు రకాల ఫిల్ములు వాడుకలో ఉండేవి. ఆర్థోక్రొమాటిక్ ఫిల్ము ఎరుపును పట్టుకోదు. అందులో ఎరుపు, పసుపు రెండూ ముదురుగా పడతాయి. పాంక్రొమాటిక్‌లో పసుపు లేతగా కనిపిస్తుంది. ముందు గుండ్రటి గుర్తు చూడండి, దాని రంగులు మనకు ముందే తెలుసు కదా. పసుపు వలయం నల్లగా ఉంటే అది ఆర్థో ఫిల్ము. అప్పుడు అక్షరాలు ఎరుపా బూడిదా అన్నది ఆ వలయంతో పోల్చి తేల్చుకోవాలి. పుస్తకాల్లో రంగు బొమ్మలు గీసినవాళ్లు కూడా ఇలాంటి ఫొటోలు చూసే గీశారు. మీరూ అసలు ఫొటో దగ్గరికి వెళ్లండి, బొమ్మను చివర్లో చూడండి.

ఫొటోలకు మొదటి చోటు ఇంపీరియల్ వార్ మ్యూజియం ఆన్‌లైన్ సేకరణ. 264వ స్క్వాడ్రన్ డిఫయంట్లు బారుగా ఎగురుతున్న ఫొటోలు అక్కడున్నాయి. రాతలకు బ్రిటన్ నేషనల్ ఆర్కైవ్స్. అక్కడ ‘ఎయిర్ 27’ వరుసలో స్క్వాడ్రన్ల రోజువారీ రికార్డులు ఉంటాయి. ఏ రోజు, ఏ నంబర్ విమానంలో ఎవరు ఎక్కారు, ఎన్ని గంటలకు లేచారు, దిగారా లేదా అని టైపు చేసిన కాగితాలు. మీ విమానం సీరియల్ నంబర్ ఆ కాగితంలో కనబడిన క్షణం ఎలా ఉంటుందో చూస్తే తప్ప తెలియదు.

అయితే ఒక్క రికార్డునే పట్టుకోకండి. 1940 మే 29న డన్‌కర్క్ మీద 264వ స్క్వాడ్రన్ ఒక్కరోజులో 37 జర్మన్ విమానాలు కూల్చినట్టు ప్రకటించింది. యుద్ధం అయ్యాక జర్మన్ నష్టాల రికార్డులతో పోలిస్తే ఆ సంఖ్య చాలా తగ్గింది. ఎవరూ కావాలని అబద్ధం చెప్పలేదు. ఒకే విమానాన్ని నలుగురు గన్నర్లు కాలిస్తే నలుగురూ లెక్కలో వేసుకున్నారు. అదే స్క్వాడ్రన్ మే 13న నెదర్లాండ్స్ మీదికి వెళ్లిన ఆరు డిఫయంట్లలో ఐదింటిని పోగొట్టుకుంది. ఈ రెండు తేదీలనూ పక్కపక్కన పెట్టి చదివితేనే విమానం అర్థమవుతుంది. పైలట్ వెనక తిరిగే టరెట్‌లో నాలుగు గన్నులు, పైలట్ ముందు ఒక్కటీ లేదు. పక్క నుంచీ, కింద నుంచీ బాంబర్‌ను కొట్టడానికి బాగుంది. ఎదురుగా ఫైటర్ వస్తే దిక్కులేదు. ఆగస్టు నష్టాల తర్వాత దాన్ని రాత్రి పనికి మార్చడానికి కారణం అదే. మీ నల్ల రంగు వెనక ఇంత ఉంది.

ఇక మన వైపు వెతుకులాట. యుద్ధ నిధి సంగతులు అప్పటి తెలుగు పత్రికల్లో ఉంటాయి. ఆంధ్రప్రదేశ్ ప్రెస్ అకాడమీ పాత ‘ఆంధ్ర పత్రిక’ సంచికలను స్కాన్ చేసి ఆన్‌లైన్‌లో పెట్టింది. 1940, 1941 సంచికలు తెరిచి యుద్ధ నిధి, విరాళం, జిల్లా పేరు, ఈ మాటలున్న వార్తలు పేజీ పేజీగా చూడండి. అక్షరాలతో వెతికితే దొరకదు, కళ్లతోనే చూడాలి. కడపలో సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం గ్రంథాలయంలోనూ, మూడు జిల్లాల కేంద్ర గ్రంథాలయాల్లోనూ పాత పుస్తకాలు, సంచికలు అడగండి. ఇంగ్లీషు కాగితాల్లో కడప పాత స్పెల్లింగు వేరు, దాంతో కూడా వెతకాలి. కోయంబత్తూరు పేరు విమానమెక్కినప్పుడు కర్నూలు, అనంతపురం పేర్ల కోసం వెతకడం న్యాయమే కదా. ఏ రోజున ఏ సంచిక చూశారో, ఏమీ దొరకని రోజులతో సహా ఫైలులో రాసుకోండి. రెండేళ్ల తర్వాత అదే సంచిక మళ్లీ తిప్పే పని తప్పుతుంది.

భారత విమానాలకైతే భారత్ రక్షక్ సైటులో సీరియల్ నంబర్ల వివరాలు, ఫొటోలు బాగా ఉన్నాయి.

నాలుగో అడుగు: సామాన్లు

కిట్లు, మోడల్ రంగులు మన ఊళ్లలో దొరకవు. హైదరాబాద్, బెంగళూరు హాబీ షాపుల నుంచో, ఆన్‌లైన్‌లోనో తెప్పించుకోవాలి. మండే స్వభావం ఉన్న రంగులు, థిన్నర్లు విమాన కొరియర్‌లో పంపరు, రోడ్డు మీదే వస్తాయి. అందుకని అవి ముందే ఆర్డర్ పెట్టుకోండి. మిగతా చాలావరకు ఇక్కడే దొరుకుతుంది. సన్నటి పట్టకార్లు, చిన్న ఆకురాళ్లు బంగారు పనివాళ్లకు సామాన్లమ్మే షాపులో హాబీ షాపుకన్నా చవకగా, గట్టిగా ఉంటాయి. నీళ్లతో రుద్దే ఎమెరీ పేపర్ 400, 600, 1000, 2000 నంబర్లు కార్లకు పెయింటింగ్ సామాన్లమ్మే చోట తీసుకోండి. ముక్కలు కత్తిరించడానికి ఎలక్ట్రానిక్స్ రిపేరు వాళ్లు వాడే చదునైన సైడ్ కట్టర్ చాలు. పేపర్ కత్తి, మాస్కింగ్ టేపు, ఫెవికాల్, ఫెవిక్విక్ స్టేషనరీ షాపులో.

అదే కార్ల షాపులో దొరికే ఎన్.సి. థిన్నర్ విషయంలో మాత్రం జాగ్రత్త. అది పాలిస్టైరీన్ ప్లాస్టిక్‌ను కరిగిస్తుంది. దాన్ని బ్రష్షులు కడుక్కోవడానికి వాడండి, మోడల్ మీద వద్దు. ఏ కొత్త రంగైనా ముందు కిట్‌లో మిగిలిన ప్లాస్టిక్ ఫ్రేము ముక్క మీద వేసి ఒక రాత్రి ఉంచి చూడండి.

అసలైన గమ్ మాత్రం మోడల్ కోసం చేసిన పలచటి సిమెంటే కొనాలి. అది అంటించడం కన్నా ఎక్కువ పని చేస్తుంది: రెండు ప్లాస్టిక్ అంచులనూ కరిగించి ఒకటి చేస్తుంది. ముక్కలు జత చేసి పట్టుకుని అంచు మీద బ్రష్షు కొన తాకిస్తే చాలు, ద్రవం తనంతట తానే సందులోకి పాకుతుంది. కిటికీ తెరిచి పెట్టండి, పిల్లల చేతికి అందనివ్వొద్దు.

ఐదో అడుగు: కట్టడం

ఫ్రేములను గిన్నెలు తోమే సోపు నీళ్లలో కడిగి నీడలో ఆరబెట్టండి. అచ్చు నూనె పోతేనే రంగు పట్టుకుంటుంది. ఏప్రిల్, మే నెలల్లో వీటిని మిద్దె మీద ఎండలో పెట్టొద్దు, ఎండలో నిలబెట్టిన కారులో అస్సలు వదలొద్దు. సన్నటి రెక్కలు వంగిపోతాయి.

ముక్కను ఫ్రేము నుంచి ఒకేసారి దగ్గరగా కత్తిరించకండి. కొంచెం దూరంగా ఒకసారి, అంచు దగ్గర ఇంకోసారి. మిగిలిన బుడిపెను 600 ఎమెరీతో రుద్దండి. గమ్ పెట్టే ముందు ప్రతి జతనూ ఉత్తగా అమర్చి చూడండి. సూచనల కాగితం చెప్పిన వరుసనే గుడ్డిగా పాటించాల్సిన పని లేదు, ఏ ముక్క తర్వాత రంగు వేయడానికి అడ్డం వస్తుందో మీరే ఆలోచించుకోండి.

కాక్‌పిట్ ముందు. బ్రిటిష్ విమానాలకు లోపల బూడిద కలిసిన లేత ఆకుపచ్చ. సోవియట్ మిగ్‌లకు నీలం కలిసిన ఆకుపచ్చ. సీటు బెల్టులకు మాస్కింగ్ టేపు సన్నగా కోసి వాడుకోవచ్చు. తర్వాత బాడీ రెండు భాగాలు కలపండి, టేపుతో బిగించి ఒక రాత్రి కదపకండి. మూతి కింద చక్రంతో నిలిచే జెట్ అయితే, మిగ్-21, గ్నాట్ లాంటివి, బాడీ మూసే ముందు మూతిలో బరువు పెట్టాలి. లేకుంటే తోక మీద కూర్చుంటుంది. చేపల గాలానికి కట్టే సీసం గుళ్లు సరిగ్గా సరిపోతాయి. వాటిని ఫెవిక్విక్‌తోనో ఎపాక్సీతోనో అతికించండి. ఫెవికాల్‌తో వద్దు, ఆ గమ్ముతో సీసం ఏళ్ల తరబడి చర్య జరిపి ఉబ్బి బాడీని పగలగొడుతుంది. డిఫయంట్ తోక చక్రం మీద నిలిచేది కాబట్టి ఈ బాధ లేదు.

రెక్క బాడీని కలిసే చోట సందు వస్తే అక్కడే మోడల్ అందం నిలబడేదీ పడేదీ. పుట్టీ పలచగా, రెండు విడతలుగా. ఆరాక నీళ్లతో 400 తర్వాత 600, 1000. వేలి గోరుతో అడ్డంగా గీయండి. గోరు తట్టుకోకపోతే అతుకు పోయినట్టు. కంటికి కనబడనిది వేలికి తెలుస్తుంది. నీళ్లతో రుద్దితే ప్లాస్టిక్ పొడి ఊపిరిలోకి పోదు.

టరెట్ దగ్గర తొందర వద్దు. నాలుగు గన్నులు, వాటి చుట్టూ చిన్న చిన్న గాజు పలకలు. అద్దం ముక్కలకు ఫెవిక్విక్ వాడితే ఆవిరి పట్టి తెల్లగా మసకబారతాయి. అక్కడ ఫెవికాలే మంచిది, ఆరాక కనబడదు. టరెట్‌కు ముందు, వెనక ఉన్న కప్పులు టరెట్ తిరిగేటప్పుడు కిందికి దిగేవి. టరెట్ పక్కకు తిప్పి పెడితే ఆ కప్పులు దిగి ఉండాలి. మూసి పెడితే గన్నులు వెనక్కి చూస్తూ ఉండాలి. ఈ చిన్న వివరం సరిగ్గా ఉంటే, విమానం తెలిసినవాళ్లు ఆగి చూస్తారు. గన్నర్ బయటపడాలంటే ఈ ఇరుకు టరెట్ నుంచే దూకాలి. పలకలకు టేపు కోస్తున్నప్పుడు అది గుర్తుంటే చేయి దానంతట అదే నెమ్మదిస్తుంది.

ఆరో అడుగు: రంగు, మన ఎండతో సర్దుకుంటూ

మొదటి మూడు మోడళ్లదాకా ఎయిర్‌బ్రష్, కంప్రెసర్ కొనాల్సిన పని లేదని నా అభిప్రాయం. మంచి సింథటిక్ బ్రష్షుతో యాక్రిలిక్ రంగు పాలంత పలచగా కలిపి మూడు పూతలు వేయండి. ఒక పూత పూర్తిగా ఆరాకే ఇంకోటి, మొదటిది అడ్డంగా వేస్తే రెండోది నిలువుగా.

ఎయిర్‌బ్రష్ ఉన్నవాళ్లకు కర్నూలు వేసవి ఒక పరీక్ష. నలభై డిగ్రీలు దాటిన గాలిలో రంగు నాజిల్ నుంచి మోడల్ చేరేలోపే ఆరిపోయి గరుకుగా పడుతుంది, నాజిల్ కొన మీద గడ్డకడుతుంది. తెల్లవారుజామున ఐదు, ఆరు గంటల మధ్య కొట్టండి. థిన్నర్ కొంచెం ఎక్కువ, ఆరడం నెమ్మదింపజేసే రిటార్డర్ కొన్ని చుక్కలు, ఒత్తిడి 15 పీఎస్ఐ దగ్గర, దూరం తక్కువ. పై ఫ్యాను ఆపండి. అనంతపురం వాళ్లకు ఆషాఢం గాలులు ఇంకో ఇబ్బంది, ఆ నెలలో మిద్దె మీద స్ప్రే డబ్బా పని పెట్టుకోవద్దు. దుమ్మంతా రెక్క మీదే ఉంటుంది. మాస్క్ తప్పనిసరి, యాక్రిలిక్ అయినా సరే.

ఇక నలుపు. డబ్బాలోని అచ్చ నలుపు చిన్న మోడల్ మీద బొమ్మలా కనబడుతుంది, గీతలన్నీ మింగేస్తుంది. ముదురు బూడిద నుంచి మొదలుపెట్టండి. తమియా ఎక్స్ఎఫ్-69 నాటో బ్లాక్ బాగుంటుంది. అందులో కొంచెం బూడిద కలిపి పలకల మధ్య భాగాల్లో పలచగా వేస్తే ఎండకు, వానకు వెలిసినట్టు వస్తుంది. అసలు విమానాలకు వేసిన రాత్రి రంగు మసి లాంటి గరుకు పూత, త్వరగా అరిగిపోయేది. రెక్క మొదట్లో సిబ్బంది ఎక్కిదిగే చోట, ఇంజిన్ మూతల అంచున ఆ అరుగుదల చూపించండి. పూర్తిగా మిగిలిన డిఫయంట్ ఒక్కటే, ఎన్1671, రాయల్ ఎయిర్ ఫోర్స్ మ్యూజియం సేకరణలో ఉంది, అదీ నల్లదే. దాని ఫొటోలు ఆకారానికి, రివెట్లకు చూడండి. రంగుకు చూడొద్దు, తర్వాత మళ్లీ వేసిన రంగది.

ఏడో అడుగు: డికాల్స్

మాట్ (మెరుపు లేని) రంగు మీద నేరుగా డికాల్ పెడితే కింద గాలి చిక్కుకుని వెండిలా మెరుస్తుంది. ముందు గ్లాసీ (మెరిసే) వార్నిష్ వేసి ఒకరోజు ఆరనివ్వండి. నీళ్ల విషయం మన దగ్గర ముఖ్యం. బోరు నీళ్లు ఆరితే తెల్లటి మరక మిగులుతుంది, నల్ల విమానం మీద అది దాగదు. ఆర్ఓ నీళ్లు గానీ, బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ గానీ వాడండి. గోరువెచ్చగా చేసి, డికాల్‌ను ముంచి తీసి, కాగితం మీద అర నిమిషం వదిలేసి, జారినప్పుడు మోడల్ మీదికి నెట్టండి. డికాల్ సాఫ్ట్‌నర్ వేశాక ముడతలు పడతాయి. భయపడి ముట్టుకోవద్దు, ఆరేటప్పుడు అవే సర్దుకుంటాయి.

పాత కిట్‌లో డికాల్ పసుపెక్కి ఉంటే జిప్ కవర్‌లో పెట్టి ఎండ పడే కిటికీ అద్దానికి కొన్ని రోజులు టేపుతో అంటించండి. పసుపు చాలావరకు పోతుంది. ఈ ఒక్క పనికి మన ఎండ వరం.

మీకు కావలసిన సీరియల్ కిట్‌లో లేకుంటే విడిగా అమ్మే డికాల్ షీట్లు చూడండి, లేదా వేరే నంబర్ల నుంచి అక్షరాలు కోసి చేర్చండి. లేత రంగు పేరు ఏదైనా రాయాలంటే ఇంటి ప్రింటర్ తెలుపును ముద్రించలేదు. తెల్లటి అడుగున్న డికాల్ పేపర్ కొని, చుట్టూ మీ నలుపునే ముద్రించి అక్షరాల అంచుకు దగ్గరగా కోయాలి.

చివరికి మాట్ వార్నిష్. తర్వాత ఎగ్జాస్ట్ గొట్టాల వెనక మసిగీత, నూనె మరక, అవి కూడా ఫొటో చూసే. ఫొటోలో లేని దుమ్మూ తుప్పూ కలపొద్దు. అక్రిలిక్ పెట్టెలో, నేరుగా ఎండ తగలని గోడ వైపు పెట్టండి.

ఎనిమిదో అడుగు: మనుషుల దగ్గరికి వెళ్లండి

కాగితాల్లో దొరకనిది మనుషుల దగ్గర దొరుకుతుంది. రాయలసీమ నుంచి వైమానిక దళంలో టెక్నీషియన్లుగా, గ్రౌండ్ సిబ్బందిగా పనిచేసి రిటైరై వచ్చినవాళ్లున్నారు. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో వినయంగా అడిగితే మాజీ సైనికుల సంఘాల దారి చెబుతారు. మోడల్ చేతిలో పట్టుకుని వెళ్లండి. “సార్, మిగ్‌లో ఈ ప్యానెల్ ఎటువైపు తెరిచేవారు?” అని అడిగితే ఖాళీ చేతులతో అడిగిన వంద ప్రశ్నల కన్నా ఎక్కువ జవాబు వస్తుంది. ఆయన అనుమతితో ఫోన్‌లో రికార్డ్ చేసుకోండి, తేదీ చెప్పి మొదలుపెట్టండి. సర్వీసు నుంచి వెళ్లిపోయిన విమానాల గురించే అడగండి. ఇప్పుడు వాడుకలో ఉన్నవాటి గురించి, స్థావరాల గురించి అడగొద్దు, అలాంటి చోట్ల ఫొటోలు తీయొద్దు. మిగ్-21 దగ్గర పనిచేసినవాళ్లు ఈ రోజు మనకు చెప్పగలిగింది పదేళ్ల తర్వాత చెప్పలేకపోవచ్చు. ఫైటర్ పైలట్ల కథలు పుస్తకాల్లోకి వస్తాయి. ఇంజిన్ మార్చినవాళ్లవి చాలావరకు రావు.

నిజం విమానం చూడాలంటే బెంగళూరులో పాత ఎయిర్‌పోర్ట్ రోడ్డులోని హెచ్‌ఏఎల్ మ్యూజియం మనకు దగ్గర. మారుత్, గ్నాట్ నుంచి మనవాళ్లు చేసిన అజీత్ లాంటివి అక్కడున్నాయి. అనంతపురం నుంచి ఉదయం బయల్దేరి సాయంత్రానికి తిరిగి రావచ్చు. విశాఖలో బీచ్ రోడ్డు మీది టీయూ-142 మ్యూజియంలో ఏకంగా విమానం లోపలికే వెళ్లవచ్చు. ఫొటోలు తీసేటప్పుడు పూర్తి విమానం ఒక్కటి చాలు. మిగతావి చక్రాల గూడు లోపల, రెక్క కీలు, ప్యానెల్ మీది చిన్న అక్షరాలు, అడుగు భాగం. స్కేలుగా ఉండేలా అరచేతిని పక్కన పెట్టి తీయండి.

మోడల్ పూర్తయ్యాక దాని పెట్టె ముందు ఒక కార్డు పెట్టండి. విమానం రకం, సీరియల్, తేదీ, స్థలం, ఎక్కినవారి పేర్లు, అది ఏమైంది, ఇవన్నీ ఐదారు వరుసల్లో తెలుగులో. దాని కింద ఏ వివరం ఏ ఆధారంతో చేశారో, ఏది మీ ఊహో విడిగా రాయండి. అడుగు రంగు ఫొటోతో తేలిందా, ఉత్తర్వు తేదీని బట్టి అనుకున్నదా అన్నది చూసేవాళ్లకు తెలియాలి. రేపు ఎవరైనా కొత్త ఫొటో తెచ్చి మీ రంగు తప్పని చూపిస్తే కార్డు మార్చండి, అవసరమైతే మోడల్‌కు మళ్లీ రంగు వేయండి. దగ్గర్లోని జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ టీచర్‌ను అడిగి ఒక పీరియడ్ తీసుకుని ఆ నల్ల డిఫయంట్‌ను, ఆ కార్డును, 1941 నాటి పత్రిక పేజీ ప్రింటును బల్ల మీద పెట్టండి. పిల్లలు ముందు అడిగేది ఎగురుతుందా అని. రెండో ప్రశ్న కోయంబత్తూరు పేరు అక్కడికెలా వెళ్లిందని, మన ఊరి పేరు ఎక్కడని. ఆ ప్రశ్న అడిగిన పిల్లల చేతిలో మీ ఫైలు మూడో విభాగం పెట్టండి.